రేవును పూడ్చిన ఒండ్రే మడ అడవిని పెంచింది

కాకినాడ నుంచి యానాం వెళ్లే రోడ్డు మీద చొల్లంగి దాటాక ఎడమ పక్కన కోరింగ వన్యప్రాణి అభయారణ్యం వస్తుంది. లోపల మడచెట్ల మధ్య కట్టిన కొయ్య వంతెన ఉంది. పోటు వేళ దాని మీద నడిస్తే కింద మట్టిరంగు నీళ్లు, వాటిలో సగం మునిగిన చెట్లు, అంతే. ఆరు గంటలు ఆగి పాటు వేళ అక్కడే నిలబడితే ఆ చోటే గుర్తుపట్టలేం. నీళ్లు దిగిపోయి నల్లటి బురద బయటపడుతుంది. పెన్సిళ్లు గుచ్చినట్టు వేలకొద్దీ శ్వాసవేళ్లు నిటారుగా లేచి ఉంటాయి. వాటి సందుల్లో చిన్న పీతలు బొరియల్లోంచి బయటికొచ్చి, ఒంటికి మించిన ఒంటి డెక్కను పైకెత్తి ఊపుతుంటాయి. కళ్లు నెత్తిమీదికి ఉబ్బిన వేలెడంత చేపలు ముందు రెక్కల మీద పాకుతూ బురద మీద గెంతుతాయి.

ఈ అడవి గురించి మన గోదావరి జిల్లాల్లో చాలా మాటలు చెలామణిలో ఉన్నాయి. దేశంలో రెండో పెద్ద మడ అడవి అంటారు. 1839 తుఫానులో ఇక్కడ మూడు లక్షల మంది పోయారంటారు. మడ ఉంటే ఉప్పెన ఊళ్లోకి రాదంటారు. ఖాళీ పర్రల్లో, అంటే ఉప్పు పేరిన బయళ్లలో, మొక్కలు నాటితే అడవి మళ్లీ లేస్తుందంటారు. ప్రతిదాంట్లోనూ నిజం ఉంది, దానికి అంటుకున్న చిక్కూ ఉంది. ఆ చిక్కులన్నీ విప్పుకుంటూ పోతే చివరికి తేలేవి మూడే: గోదావరి తెచ్చే ఒండ్రు, గోదావరి తెచ్చే మంచినీరు, సముద్రం రోజుకు రెండుసార్లు లోపలికి తోసి వెనక్కి తీసుకునే ఉప్పునీరు.

ముందు కొలతల సంగతి. కోరింగను (ఊరి పేరు కోరంగి) 1978 జులైలో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 235.70 చదరపు కిలోమీటర్లు. అంతా చెట్లే అనుకోకూడదు. కోరంగి, కోరంగి ఎక్స్‌టెన్షన్, భైరవపాలెం రిజర్వు అడవులతో పాటు కాలువలు, బురద మేటలు, పర్రలు కూడా ఆ లెక్కలోవే. గోదావరి పాయ గౌతమికి దక్షిణాన ఉన్న మాసానితిప్ప, బలుసుతిప్ప, కందికుప్ప లాంటి చోట్ల మడ అభయారణ్యంలోకి రాదు, అది రిజర్వు అడవి. రెండూ కలిపితే గోదావరి మడ ప్రాంతం సుమారు 33 వేల హెక్టార్లు. ఇక ర్యాంకు. భారత అటవీ సర్వే 2021 నివేదిక ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో మడ అడవి 405 చదరపు కిలోమీటర్లు. పశ్చిమ బెంగాల్‌లో 2,114, గుజరాత్‌లో 1,175, అండమాన్ నికోబార్‌లో 616. అంటే రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలు కలిపి చూస్తే మనది నాలుగో స్థానం. 'రెండోది' అనే మాట ఒకే చోట ఎడతెగకుండా ఉన్న అడవిని దృష్టిలో పెట్టుకుని అనేది. ఒడిశాలో భితర్‌కనికా గురించి అక్కడివాళ్లూ ఇదే మాట అంటారు. ఈ పోటీలో తలదూర్చడం వల్ల అడవికి ఒరిగేదేమీ లేదు. తెలుసుకోవలసింది ఇది ఎలా నిలబడుతోందన్నది.

నేల చరిత్ర ఇక్కడి ఊళ్ల పేర్లలోనే ఉంది. గాడిమొగలో మొగ అంటే ఏటి నోరు, పాయ సముద్రంలో కలిసే చోటు. బలుసుతిప్పలో తిప్ప అంటే నీటి మధ్య లేచిన దిబ్బ. లంక అంటే ఏటి నడుమ ఒండ్రు పేరుకుని ఏర్పడ్డ నేల. పోటు ఎక్కి ఉప్పు పేరిన బయలు పర్ర. ఇవాళ మొగ పేరున్న ఊరికి, అసలు మొగకు మధ్య దూరం కనిపిస్తే అర్థం చేసుకోవలసింది, ఏరు ఆ మేరకు ముందుకు జరిగిందని. చొల్లంగి దగ్గర కలిసేది తుల్యభాగ, కోరంగి దగ్గర కలిసేది ఆత్రేయ అని సప్తగోదావరుల లెక్క. ఏడు పాయల్లో కొన్ని ఇప్పుడు కాలువంత సన్నగా మిగిలాయి. డెల్టా స్వభావమే అది. ఒక పాయ తన ఒండ్రుతో తన దారినే పూడ్చుకుంటుంది, నీరు పక్క పాయలోకి తిరుగుతుంది.

కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు. తెరచాప ఓడలు కట్టేవారు, బాగుచేసేవారు. చుట్టుపక్కల యానాంలో ఫ్రెంచివారు, ఇంజరంలో ఆంగ్లేయులు, కాకినాడ జగన్నాథపురంలో డచ్చివారు స్థావరాలు పెట్టుకున్నారు. ఇక్కణ్ణుంచి ఓడెక్కి రంగూన్ వెళ్లిన తెలుగువాళ్లు ఎంతమందంటే, బర్మాలో తెలుగు కూలీలందరికీ 'కోరంగీలు' అనే పేరు పడిపోయింది.

ఆ రేవును తుఫాను ఒక్కటే చంపిందని చాలామంది నమ్మకం. తుఫాన్లు ఘోరంగానే కొట్టాయి. 1789 డిసెంబరులో వరసగా మూడు ఉప్పెన కెరటాలు వచ్చి పడ్డాయని, సుమారు 20 వేల మంది పోయారని రికార్డు. తుఫానుకు ఇంగ్లీషులో 'సైక్లోన్' అనే మాట పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ ఈ కోరంగి ఉప్పెనను తన రాతల్లో వివరించాడు. తరవాత 1839 నవంబరులో 40 అడుగుల ఉప్పెన వచ్చిందని, 20 వేల ఓడలు, 3 లక్షల ప్రాణాలు పోయాయని ఎక్కడ చూసినా కనిపిస్తుంది. ఈ అంకెను జాగ్రత్తగా చూడాలి. 1737లో కలకత్తాను కొట్టిన తుఫాను గురించి కూడా సరిగ్గా ఇవే రెండు అంకెలు చెబుతారు: 20 వేల నావలు, 3 లక్షల మంది. వందేళ్ల తేడాతో వచ్చిన రెండు తుఫాన్లకు ఒకే లెక్క ఉండడమంటే ఒకదాని అంకె రెండోదానికి అంటుకుందనే అనుకోవాలి. ఆనాటి కోరంగి రేవులో 20 వేల ఓడలు నిలిచే చోటు ఎక్కడిది? ప్రాణనష్టం భయంకరమే, కానీ ఆ అంకెను చరిత్రగా పిల్లలకు చెప్పడం తప్పు.

రేవును నిలవనివ్వనిది ఒండ్రు. గౌతమి మొగ నుంచి బయటపడ్డ ఇసుకను నైరుతి రుతుపవనాల కెరటాలు తీరం వెంబడి ఉత్తరానికి తోస్తాయి. అలా తోసుకుపోయిన ఇసుకే రెండు శతాబ్దాలుగా పేరుకుని, తోకలా సాగి హోప్ ఐలాండ్ అయింది. పొడవు సుమారు 16 కిలోమీటర్లు. ఆ తోక వెనకాల కాకినాడ అఖాతం ఒక పెద్ద చెరువులా నెమ్మదించింది. కెరటం తగ్గిన నీటిలో సన్న ఒండ్రు అడుగుకు దిగుతుంది. కోరంగికి పెద్ద ఓడలు రాలేకపోయాయి, వ్యాపారం కాకినాడకు తరలింది. అదే ఒండ్రు, అదే నిలకడ మడకు కావలసిన పరుపు వేసి పెట్టాయి. మడ అంతకు ముందు లేదని కాదు. అఖాతం వైపు కొత్త బురద మేట లేచినప్పుడల్లా దాని మీదికి చెట్టు పాకుతూ వచ్చింది.

ఇప్పుడు చెట్టు దగ్గరికి వద్దాం, ఎందుకంటే తరవాతి చిక్కులన్నీ ఇక్కడే అర్థమవుతాయి.

మడచెట్టు ఉప్పును ప్రేమించదు, ఓర్చుకుంటుంది. ఓర్చుకునే తీరు జాతికో రకం. తెల్లమడ, నల్లమడ ఆకుల మీదున్న ఉప్పు గ్రంథుల గుండా ఉప్పును బయటికి పంపేస్తాయి. ఎండ బాగా కాసిన మధ్యాహ్నం తెల్లమడ ఆకు తిప్పి చూస్తే సన్న ఉప్పు పలుకులు మెరుస్తాయి, నాలికకు తగిలిస్తే తెలిసిపోతుంది. ఉప్పుపొన్న, కాకిపొన్న మాత్రం వేరు దగ్గరే ఉప్పును చాలావరకు వడగట్టేస్తాయి. రెండో సమస్య ఊపిరి. ఒండ్రు బురదలో వేలు లోతు దాటితే గాలి ఉండదు, అందుకే కెలికితే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. తెల్లమడ, నల్లమడ తమ వేళ్లను బురదలోంచి పైకి పంపి గాలి పీలుస్తాయి. పొన్న జాతులు కాండం నుంచి వంతెన కమానుల్లా వేళ్లు దింపి, వాటి మీదున్న రంధ్రాలతో పీలుస్తాయి. మూడోది సంతానం. పొన్న గింజ తల్లిచెట్టుకు వేలాడుతుండగానే మొలకెత్తి, ములక్కాడలా సాగి, బరువైన కొస కిందికి పెట్టుకుని రాలుతుంది. పాటులో రాలితే అక్కడే గుచ్చుకుంటుంది, పోటులో రాలితే తేలుకుంటూ వెళ్లి ఇంకోచోట నాటుకుంటుంది.

తిల్ల చెట్టు గురించి ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. కొమ్మ విరిస్తే తెల్లటి పాలు కారతాయి. అవి ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతాయి, కంట్లో పడితే చూపుకే ముప్పు. పడవ మడ కొమ్మల కిందుగా వెళ్లేటప్పుడు చేతికందిన కొమ్మను లాగవద్దని పడవవాళ్లు చెప్పేది ఇందుకే. పడితే ఆగకుండా మంచినీళ్లతో కడగాలి, ఆస్పత్రికి వెళ్లాలి.

ఉప్పును ఓర్చుకునే శక్తికి హద్దుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. వరదల నెలల్లో గౌతమి, కోరంగి, గాడేరు పాయల్లోకి మంచినీరు దిగి ఆ ఉప్పును పలచన చేస్తుంది, నేలలో పేరుకున్నదాన్ని కడిగేస్తుంది. వేసవిలో మళ్లీ ఎక్కుతుంది. ఏడాదికొకసారి జరిగే ఈ కడుగుడు మీదే అడవిలో ఎన్ని జాతులు మిగులుతాయన్నది ఆధారపడి ఉంది. మంచినీరు తగ్గితే మెతక జాతులు ముందు పోతాయి, తెల్లమడ చివరిదాకా పోరాడుతుంది. అందుకని ఒక చోట తెల్లమడ తప్ప ఇంకేమీ కనిపించకపోతే అక్కడి నేల ఉప్పు బాగా ఎక్కిందని అనుమానించాలి.

అభయారణ్యం కాకముందు ఈ అడవిని వంటచెరకు కోసం, కలప కోసం కూపులుగా విడగొట్టి వంతులవారీగా మొత్తం నరికేవారు. నరికిన చోట మొద్దులు చిగురిస్తాయి, గింజలు కొట్టుకొచ్చి పడతాయి, కొన్నేళ్లకు అడవి మళ్లీ వస్తుందని లెక్క. మెట్ట అడవికి ఆ లెక్క సరిపోతుందేమో. ఇక్కడ తప్పింది. చెట్టు నీడ పోగానే బురద నేరుగా ఎండకు పడింది. ఒండ్రులో నీరు ఆవిరై నేల కుంచించుకుని కుంగింది. చుట్టూ గట్టు ఎత్తుగా, మధ్య పల్లంగా తొట్టిలా తయారైంది. అమావాస్య, పౌర్ణమి పోట్లకు నీరు గట్టు దాటి తొట్టిలోకి వస్తుంది. పాటుకు వెనక్కి పోయే దారి లేదు. నిలిచిన నీరు ఎండకు ఇంకిపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. మళ్లీ పక్షానికి మళ్లీ నీరు, మళ్లీ ఉప్పు. కొన్నేళ్లు గడిచేసరికి నేలలో ఉప్పు సముద్రాన్ని ఎప్పుడో దాటేస్తుంది. అలాంటి పర్రలో కొట్టుకొచ్చిన గింజ మొలిచినా ఎండిపోతుంది. ఇలకూర లాంటి ఉప్పు మొక్కలు మాత్రం అక్కడక్కడా ఎర్రగా పాకి ఉంటాయి.

చాలాకాలం ఈ పర్రల్ని చూసి 'పశువులు మేసేశాయి, జనం నరికేశారు' అని ఊరివాళ్ల మీదే నింద వేశారు. 1990ల్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ అటవీ శాఖతో, ఊళ్లతో కలిసి గోదావరి, కృష్ణా మడల్లో పనిచేసినప్పుడు ఈ తొట్టి సంగతి స్పష్టమైంది. ఊరి గొడ్డలి వల్ల చిన్న చిన్న ఖాళీలు పడతాయి, అవి పూడుకుంటాయి. మొత్తం నరుకుడు నేల ఎత్తునే మార్చేసింది. రోగం అదైతే మందు మొక్క కాదు, నీటి దారి. అందుకే కాలువల పద్ధతి వచ్చింది.

ఆ పద్ధతి నడిచే తీరు ఇది. మొదట పర్రలో మట్టం కొలుస్తారు, పాటు తరవాత నీరు ఎక్కడ నిలుస్తోందో గుర్తుపెడతారు. దగ్గర్లో సహజంగా పారుతున్న పాయ ఉండాలి, లేకపోతే ఆ చోటు వదిలేయడమే మంచిది. పాయ నుంచి పర్రలోకి పెద్ద కాలువ తీస్తారు, పాయకు నిలువుగా తీయరు, దానితో సుమారు 45 డిగ్రీల కోణం చేసేలా తీస్తారు. దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్లకాలువలు. పైనుంచి చూస్తే చేప ముల్లులా ఉంటుంది. పెద్ద కాలువ పైన సుమారు మూడు మీటర్లు, అడుగున ఒక మీటరు వెడల్పు. లోతు మీటరుకు అటూ ఇటూ. గోడలు ఏటవాలుగా ఉండడానికి రెండు కారణాలు. నిట్టనిలువు గోడ మెత్తటి ఒండ్రులో మొదటి పెద్ద పోటుకే కూలుతుంది. రెండోది, ఆ వాలు మీదే మొక్క నాటాలి. అడుగున నాటితే రోజంతా మునిగి చస్తుంది. గట్టు మీద నాటితే ఎండిపోతుంది. వాలు నడుమ నాటితే పోటుకు తడిసి పాటుకు ఊపిరి పీలుస్తుంది.

తవ్విన వెంటనే నాటకూడదు. ఒక వానాకాలం పోనిచ్చి, పోటుపాట్లు, వాననీరు ఉప్పును కడిగాక నాటాలి. తెల్లమడ, నల్లమడ విత్తనాలను సంచుల్లో పెంచి తెస్తారు. ఉప్పుపొన్న మొలకను నేరుగా మూడో వంతు బురదలోకి దిగేలా గుచ్చితే చాలు, తలకిందులుగా గుచ్చకూడదు, మొగ్గ ఉన్న కొస పైకి ఉండాలి. కొత్తగా పనిలోకి వచ్చినవాళ్లు చేసే మొదటి తప్పు అదే.

చెడిపోయేది ఎక్కడంటే, తరవాతి రెండు మూడేళ్లలో. కాలువ నోటి దగ్గర ఒండ్రు పేరుకుంటుంది. ఏటా తీయకపోతే నోరు మూసుకుపోయి లోపల మళ్లీ తొట్టే. తవ్విన మట్టిని తెగని గట్టులా పేరిస్తే కాలువ పక్కనున్న పర్రలోకి నీరు పోదు, కాబట్టి మధ్యమధ్య తెంపులు వదలాలి. నాచు లేత మొక్కల మీద దుప్పటిలా కప్పేస్తుంది. గేదెలు నల్లమడ ఆకు ఇష్టంగా తింటాయి, అందుకే ఊరి సమితి ఒప్పుకుని కాపలా పెట్టిన చోట మొక్క బతికింది, కంచె వేసి వదిలేసిన చోట బతకలేదు. ఇంకో పొరపాటు గురించి గట్టిగానే చెప్పాలి: సముద్రం వైపున్న ఖాళీ బురద మేటల్ని చూసి 'ఇక్కడ చెట్లు లేవు, నాటేద్దాం' అనుకోవడం. అది బీడు కాదు. శీతాకాలంలో ఉత్తరాది నుంచి వచ్చే ఉల్లంకి పిట్టలకు, పొడుగు ముక్కు పక్షులకు అన్నం గిన్నె. అవి దట్టమైన చెట్ల మధ్య దిగవు. మేట తగినంత ఎత్తు లేచిన రోజున మడ తనంతట తనే అక్కడికి వస్తుంది.

ఇక జీవులు. ఇక్కడ అన్నిటికంటే ఆసక్తి కలిగించేది బావురు పిల్లి. కొందరు నీటి పిల్లి అంటారు. ఇంటి పిల్లికి దాదాపు రెండింతలు ఉంటుంది, మగది 16 కిలోల దాకా తూగుతుంది. బూడిద రంగు ఒంటి మీద నల్లటి మచ్చలు వరసలుగా, తోక పొట్టిగా. వేళ్ల మధ్య సగం దాకా తోలు ఉంటుంది. గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకోవు, జారే చేపను పట్టడానికి అవి కొక్కేలు. ఒంటి వెంట్రుకలు రెండు పొరలు. లోపలి పొర ఎంత దట్టమంటే నీళ్లలో దూకినా చర్మం తడవదు. ఒడ్డున కదలకుండా కూర్చుని పంజాతో నీటి మీద మెల్లగా తడుతుంది, పురుగు పడిందనుకుని చేప పైకి రాగానే పట్టేస్తుంది. రాత్రి సంచారి కాబట్టి పర్యాటకులకు దాదాపుగా కనపడదు. పాటు వేళ బురదలో అడుగులు, గట్టు మీద చేప పొలుసులు, పీత పెంకులు కలిసిన పెంట, ఇవే దాని జాడలు. లెక్క కూడా తీసింది చెట్లకు కట్టిన కెమెరాలతోనే. 2018 నాటి గణనలో కోరింగలో 115 ఉన్నాయని ప్రకటించారు. పులికిచ్చిన చట్టరక్షణే దీనికీ ఉంది: వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలు. అభయారణ్యం గీత దానికి తెలియదు కదా. చేపల చెరువుల గట్లకు వస్తుంది. అక్కడ వలలు, కుక్కలు, రోడ్డు మీద లారీలు దానికి ముప్పు. చెరువులో చచ్చిన చేపలు ఎక్కువగా తింటుందా, బతికినవా అన్న వాదన ఎలా ఉన్నా, గట్టు మీద రాత్రి దీపం, మనిషి అలికిడి ఉంటే చాలావరకు దూరంగానే ఉంటుంది. ఉచ్చు పెట్టడం నేరం.

నీటికుక్కలు మాత్రం పగలు కూడా కనిపిస్తాయి. నాలుగైదు కలిసి, ఈలల్లాంటి కూతలతో పాయలో చేపలను ఒక మూలకు తోలి వేటాడతాయి. పడవ ఇంజను ఆపి ఐదు నిమిషాలు నిశ్శబ్దంగా ఉంటే కనపడే అవకాశం ఎక్కువ. నక్కలు పీతల కోసం పాటు వేళ బురదలోకి దిగుతాయి.

కానీ అడవిని నడిపేది పిల్లులూ నక్కలూ కాదు, పీతలు. రాలిన మడ ఆకును చిన్న పీతలు బొరియలోకి లాక్కెళ్లి తింటాయి, మిగిలింది అక్కడే కుళ్లుతుంది. బొరియల గుండా బురదలోకి గాలి, నీరు దిగుతాయి. ఆ ఆకు కుళ్లు మీద పురుగులు, వాటి మీద రొయ్య పిల్లలు, చేప పిల్లలు. టైగర్ రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది, పిల్ల మాత్రం మడ పాయల్లోకి వచ్చి పెరుగుతుంది. మండపీతదీ అలాంటి తీరే, కడుపుతో ఉన్న ఆడపీత మడ నుంచి సముద్రానికి వెళ్లి పిల్లలను వదులుతుంది, ఆ పిల్లలు మళ్లీ మడకే తిరిగొస్తాయి. పండుగప్ప, పాలబొంత, కొయ్యింగ అన్నీ ఏదో ఒక వయసులో ఈ నీళ్లు తాగినవే. దసరా వెళ్లాక తూర్పుగాలికి యానాం మొగ దగ్గర దొరికే చీరమీను సూది ముక్కల్లాంటి పిల్ల చేప. దాన్ని తూకం వేయరు, సేర్లతో, గ్లాసులతో కొలుస్తారు. మడ తరిగితే ఆ ప్రభావం మొదట పడేది ఈ కొలతల మీదే.

హోప్ ఐలాండ్ ఇసుక మీదికి జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఎక్కుతాయి. మూరెడు లోతు గుంట తీసి వంద పైచిలుకు గుడ్లు పెట్టి, కప్పేసి వెళ్లిపోతాయి. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు వస్తాయి. ఇసుక వేడిని బట్టి ఆడా మగా తేలుతుంది, వేడెక్కువైతే ఆడవి ఎక్కువ. నక్కలు, కుక్కలు తవ్వి తినేస్తాయని అటవీ సిబ్బంది గుడ్లను ఏరి కంచె వేసిన పొదిగే చోటికి మారుస్తారు. ఆ మార్పు పెట్టిన కొన్ని గంటల్లోపే జరగాలి, గుడ్డును తిప్పకుండా ఉన్న వైపే పైకి ఉంచాలి. ఆలస్యమయ్యాక కుదిపితే లోపలి పిండం చస్తుంది. పిల్లలు వెలుగున్న వైపు నడుస్తాయి, అందుకే తీరంలో తెల్లటి దీపాలు వాటిని సముద్రానికి కాక ఊరివైపు లాగుతాయి. తల్లి తాబేళ్లు ఎక్కువగా చచ్చేది ఇసుక మీద కాదు, ట్రాలర్ వలల్లో ఊపిరాడక. వలకు తాబేలు తప్పించుకునే చట్రం బిగిస్తే కొంత చేప జారుతుందన్న అసంతృప్తి జాలర్లలో ఉంది. అది కాదనలేని నష్టం, దాన్ని వాళ్ల మీదే వదిలేస్తే చట్రం ఒడ్డు మీదే ఉండిపోతుంది.

ఉప్పెన సంగతి. మడ కెరటం ఊపును తగ్గిస్తుంది, నేల కోతను ఆపుతుంది, కొట్టుకొచ్చే పడవలను, దుంగలను పట్టుకుంటుంది. అడవి వెడల్పు ఎంత ఉంటే అంత మేలు. గాలిని మాత్రం ఆపలేదు, అడవికి ముందు, మొగల దగ్గర ఉన్న ఊళ్లను కాపాడలేదు. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణంగా తుఫాను తీరం దాటినప్పుడు భైరవపాలెం, బలుసుతిప్ప ఘోరంగా దెబ్బతిన్నాయి, సముద్రంలో ఉన్న జాలర్లు ఎంతోమంది తిరిగి రాలేదు. మడ ఉంది కదా అని తుఫాను షెల్టరు, హెచ్చరిక, మెరక దారి అక్కర్లేదనుకుంటే ప్రాణాలు పోతాయి.

అభయారణ్యం గీత లోపల గొడ్డలి ఆగింది. వంటగ్యాసు వచ్చాక పుల్లల అవసరమూ తగ్గింది. ఇప్పుడున్న ముప్పు గీత బయటి నుంచి వస్తోంది. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కు పూర్తయ్యాక డెల్టా పచ్చబడింది, ఆ అన్నం మనమే తిన్నాం. దాళ్వాకు, అంటే రెండో పంట వరికి, నీరు సరిపెట్టేసరికి వేసవిలో బరాజు దిగువకు ఏటి గుండా వచ్చే మంచినీరు పేరుకే మిగులుతోంది. ఎగువ ఆనకట్టల్లో ఒండ్రు ఆగిపోతోంది. 1970ల్లో ఏటా సగటున 15 కోట్ల టన్నులు దిగిన ఒండ్రు 1990ల నాటికి 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. 1976 నుంచి 2001 మధ్య డెల్టా తీరం వచ్చిన నేల పోను నికరంగా 1,800 హెక్టార్లకు పైగా సముద్రానికి వదులుకుంది. నేల కలిసొచ్చిన చోట మడ ముందుకు పాకుతుంది, కోత పడ్డ చోట వేళ్లతో సహా ఒరిగిపోతుంది. దీనికి కాలువ తవ్వి చేసే వైద్యం లేదు. వరద లేని నెలల్లో బరాజు నుంచి కొంత నీరు ఏటికే వదలడం ఒక్కటే చేయగలిగింది, దానికి సాగునీటి లెక్కల్లో మడకు కూడా ఒక పద్దు రాయాలి.

రొయ్యల చెరువుల విషయంలో చట్టం మారుతూ వచ్చింది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంత నియంత్రణ మండలంలో రొయ్యల చెరువులు కూడదని తీర్పిచ్చింది, 2005లో పార్లమెంటు చేసిన చట్టం నమోదు చేసుకున్న చెరువులకు ఆ నిషేధాన్ని సడలించింది. వెయ్యి చదరపు మీటర్లకు మించిన మడకు చుట్టూ 50 మీటర్ల రక్షణ పట్టీ ఉండాలని తీర నియమాలు చెబుతాయి, 2019 నుంచి అది ప్రభుత్వ భూములకే పరిమితమైంది. నేల మీద జరిగే నష్టం చెట్టు నరకడంతో మొదలవదు. ముందు చెరువు గట్టు కోసమో, దారి కోసమో చిన్న పిల్లకాలువ నోరు మూస్తారు. వెనకున్న మడకు పోటు అందదు, ఉప్పెక్కుతుంది, మూడు నాలుగేళ్లలో చెట్లు వాటంతటవే ఎండుతాయి. అప్పుడు 'ఇక్కడ మడ లేదు, బీడే' అంటారు. అందుకే ఎక్కడైనా మడ ఎండుతుంటే చెట్టు మీద తెగులు వెతికే ముందు దానికి నీరొచ్చే కాలువ ఎక్కడ పూడిందో వెతకాలి. తహశీల్దారుకో అటవీ రేంజి అధికారికో ఫిర్యాదు రాసేటప్పుడు ఎండిన చెట్ల ఫొటోకంటే మూసిన కాలువ నోటి ఫొటో, సర్వే నంబరు, పోటు వేళా పాటు వేళా తీసిన రెండు చిత్రాలు ఎక్కువ పనిచేస్తాయి.

చూడడానికి వెళ్లేవాళ్లకు నవంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది, కాబట్టి నిన్న పొద్దున 8కి పాటు ఉంటే ఇవాళ 9 కావస్తుండగా అనుకోండి. పడవ షికారుకు పోటు కావాలి, కొయ్య వంతెన మీద జీవులను చూడడానికి పాటు కావాలి. రెండూ ఒకే పూట కుదరవు. అష్టమి రోజుల్లో నీరు పెద్దగా ఎక్కదు, పెద్దగా దిగదు. పుష్య బహుళ అమావాస్య, అంటే చొల్లంగి అమావాస్య నాడు తుల్యభాగ కలిసే చోట వేలమంది సముద్రస్నానం చేస్తారు. అమావాస్య కాబట్టి పోటు ఎంత ఎక్కుతుందో పాటు అంత దిగుతుంది, ఆ రోజు బురద మేటలు బాగా దూరం దాకా బయటపడతాయి. వలస పిట్టలు ఇంకా వెళ్లి ఉండవు. అటు హోప్ ఐలాండ్ మీద తాబేళ్లు గుడ్లు పెట్టే రోజులూ అవే. స్నానం అయ్యాక కోరింగ గేటు దాకా వెళ్లి, పాటు సగం దిగినప్పుడు వంతెన చివర నిలబడితే, నీరు వెనక్కి తగ్గేకొద్దీ ఒక్కొక్క వరసగా శ్వాసవేళ్లు పైకి తేలడం, వాటి వెనకే పీతలు బొరియ మూతలు నెట్టుకుని రావడం కనిపిస్తుంది.